పాత హైఫై స్పీకర్లను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

1970లు, 80లలో అమెరికా వెళ్లిన మన డాక్టర్లు, ఇంజనీర్లు కొందరు తిరిగొచ్చేటప్పుడు సామాన్లతో పాటు బరువైన చెక్క స్పీకర్ల జత ఒకటి మోసుకొచ్చారు. అక్కడే స్థిరపడ్డవాళ్ల బేస్‌మెంట్లలోనూ అలాంటివి మూలన పడి ఉంటాయి. కొన్నాళ్లు బాగానే పాడి, తర్వాత బాస్ బరబరలాడిందనో, ఒక వైపు గొంతు మూగబోయిందనో వాటిని పక్కన పెట్టేసి ఉంటారు. పాత సామాన్ల బండికి వేసేముందు ఒక విషయం తెలుసుకోండి. వీటిలో ముసలితనం వచ్చేది ప్రధానంగా రెండు చవక భాగాలకే: వూఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకర్) కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచుకీ, లోపలి క్రాస్‌ఓవర్ సర్క్యూట్‌లోని కెపాసిటర్లకీ. అయస్కాంతం, తీగచుట్ట, కోన్, పెట్టె చాలావరకు మీకంటే గట్టిగా ఉంటాయి. అందుకే ఈ పనిలో నేను పాటించే నియమం ఒక్కటే. పాడైనదాన్ని మాత్రమే మార్చాలి, మిగతాదాని జోలికి వెళ్లకూడదు. "ఎలాగూ విప్పాం కదా" అని కొత్త వూఫర్, కొత్త ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికేది) వేస్తే మిగిలేది పాత చెక్కపెట్టె మాత్రమే.

ఉదాహరణకు ఇక్కడ అకౌస్టిక్ రీసెర్చ్ (ఏఆర్), అడ్వెంట్ కంపెనీల స్పీకర్లను ఎక్కువగా తీసుకుంటాను. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ పెట్టారు. పెట్టెను గాలి చొరకుండా మూసేసి, లోపలి గాలినే కోన్‌ని వెనక్కి లాగే స్ప్రింగ్‌గా వాడుకోవడం విల్చర్ ఆలోచన. దాంతో చిన్న పెట్టెలోంచి కూడా లోతైన బాస్ వచ్చింది. క్లాస్ తర్వాత 1967లో అడ్వెంట్ మొదలుపెట్టాడు. ఇలాంటి స్పీకర్లలో గాలి లీక్ కాకపోవడం ఎంత ముఖ్యమో గుర్తుంచుకోండి. కింద చాలా పనులు దానితోనే ముడిపడి ఉన్నాయి.

ముందు చూడండి, తర్వాత మోగించండి

ఏళ్ల తరబడి పడున్న స్పీకర్‌కి వెంటనే పాట పెట్టకండి. అంచు చిరిగిన వూఫర్ పక్కకి ఒరిగిపోతే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, అయస్కాంతం సందులో రాసుకుంటుంది. ఆ కాయిల్ పోయిందంటే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ముందువైపు జాలీ ఊడదీసి టార్చి వేసి చూడండి. కోన్ అంచున గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉండే పట్టీయే సరౌండ్. అది ఏ రకమో తెలిస్తే సగం పని తేలినట్టే.

ఫోమ్ అయితే వేలికొసతో మెల్లగా తాకండి. జిగటగా అంటుకున్నా, వేయించిన అప్పడంలా విరిగి రాలినా దాని పని అయిపోయింది. పాలీయురేథేన్ ఫోమ్ గాలిలోని తేమ, ఆక్సిజన్, వెలుతురు తగిలి లోపల్నుంచే కుళ్లుతుంది. వాడినా వాడకపోయినా ఇది తప్పదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో మరీ త్వరగా పోతుంది.

రబ్బరు అయితే అదృష్టవంతులు. బ్రిటన్ కంపెనీ కెఇఎఫ్ వాడిన నియోప్రీన్ అంచులు ఇప్పటికీ బాగానే ఉండటం మామూలే. గట్టిపడిందా, పగుళ్లున్నాయా అని చూస్తే చాలు.

బట్ట అంచు కూడా ఉంటుంది. జేబీఎల్ ఎల్100 వూఫర్‌ది పూత వేసిన బట్టే. అది కుళ్లదు. ఆ మోడల్‌లో పొడిపొడి అయ్యేది ముందున్న నారింజ రంగు ఫోమ్ జాలీ. దాన్ని చూసి వూఫరే పోయిందని కంగారుపడేవాళ్లున్నారు. పాత ఏఆర్-3ఏల తొలి రకాల్లోనూ బట్టే ఉండేది, తర్వాత ఫోమ్ వచ్చింది. బట్ట మీది పూత ఎండిపోతే గాలి లీకవుతుంది. దానికి వేరే మందుంది, అది తర్వాత చెప్తాను.

మల్టీమీటర్, ఒక పెన్సిల్ బ్యాటరీ

ఈ రెండూ ఉంటే స్పీకర్ ఆరోగ్యం చాలావరకు తెలిసిపోతుంది. వూఫర్‌ని విప్పి, దాని తీగలు ఊడదీసి, రెండు కొనల మధ్య ఓమ్‌లు కొలవండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కి మీటర్ సుమారు 5.5 నుంచి 7 వరకు చూపిస్తుంది. 4 ఓమ్‌లదైతే 3 నుంచి 3.6 దాకా ఉండొచ్చు. అంకె తక్కువగా ఉందని భయపడకండి, అది సహజమే. మీటర్ ఏమీ చూపించకపోతే కాయిల్ తెగినట్టు. ట్వీటర్‌ని కూడా ఇలాగే విడిగా కొలవాలి. పెట్టె వెనక టెర్మినళ్ల దగ్గర కొలిస్తే కెపాసిటర్ అడ్డం ఉంటుంది కాబట్టి ట్వీటర్ సంగతి బయటపడదు.

తర్వాత 1.5 వోల్టుల బ్యాటరీని వూఫర్ తీగలకి ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి తాకిస్తే కోన్ ముందుకి రావాలి. పాత జేబీఎల్ స్పీకర్లలో ఇది తలకిందులు, వెనక్కి వెళ్తుంది. అవి పాడైనట్టు కాదు, ఆ కంపెనీ పద్ధతే అది. ట్వీటర్లకి ఈ బ్యాటరీ పరీక్ష చేయకండి.

మూడో పరీక్షకి ఏ పరికరమూ అక్కర్లేదు. రెండు బొటనవేళ్లని కోన్‌కి ఎదురెదురుగా ఆనించి, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. చెవి దగ్గర పెట్టి వినండి. నిశ్శబ్దంగా కదిలితే కాయిల్ బాగుంది. గరగరమంటే అంచు చిరిగి పక్కకి ఒరిగినా అయ్యుండొచ్చు, కాయిల్ కాలి ఉబ్బినా అయ్యుండొచ్చు. మొదటిదైతే అంచు మారిస్తే పోతుంది.

విప్పే పద్ధతి

స్క్రూలు తీసేముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ప్రతి తీగకీ పేపర్ టేప్ చుట్టి దేనిదో రాయండి. కంపెనీవాళ్లు వూఫర్ చుట్టూ మెత్తటి ముద్దతో గాలి చొరకుండా బిగించి ఉంటారు కాబట్టి స్క్రూలన్నీ తీసినా వూఫర్ కదలకపోవచ్చు. స్క్రూడ్రైవర్‌తో చెక్కని పెకిలించకుండా పలుచటి చాకుని అంచు చుట్టూ ఓపిగ్గా తిప్పండి. పెట్టెని వెల్లకిలా పడుకోబెట్టి విప్పడం మేలు. చేయి జారినా స్క్రూడ్రైవర్ అయస్కాంతం లాగుడికి కోన్‌లోకి దిగకుండా మరో చేయి అడ్డం పెట్టండి.

లోపల పసుపు లేదా గులాబీ రంగు గ్లాస్‌వూల్ ఉండొచ్చు. మాస్కు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. బయటికి తీసినదాన్ని తూకం వేసి ఒక సంచిలో పెట్టి, ఏ పెట్టెది ఆ పెట్టెకే అంతా తిరిగి వేయండి. తగ్గించినా, పెంచినా బాస్ తీరు మారుతుంది.

ఫోమ్ అంచు మార్చడం

ఈ పనికి ఒక సెలవు రోజు పెట్టుకోండి. హడావుడి పడితే చెడిపోయేది ఇక్కడే.

సరైన సైజు దొరకడమే మొదటి కష్టం. "పది అంగుళాల ఫోమ్" అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. నాలుగు కొలతలు రాసుకెళ్లండి: కోన్ బయటి అంచు వ్యాసం, ఉబ్బు మొదలయ్యే వ్యాసం, ఉబ్బు ముగిసే వ్యాసం, ఫ్రేమ్ మీద అతికే బయటి వ్యాసం. ఫోమ్ కోన్‌కి పైనుంచి అతికి ఉందో, కిందనుంచి అతికి ఉందో కూడా చూడండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో వెతకొచ్చు. కానీ అక్కడ ఎక్కువగా దొరికేవి ఇప్పటి వూఫర్లకి, స్టేజీ స్పీకర్లకి సరిపోయేవి. అడ్వెంట్, ఏఆర్ లాంటి పేరున్న మోడళ్లకి ప్రత్యేకంగా చేసిన ఫోమ్ జతలు విదేశాల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. అక్కడి బంధువులెవరైనా వస్తుంటే సూట్‌కేసులో పట్టే వస్తువే కదా.

రిపేరు షాపులో ఇస్తే "కోన్ మొత్తం మార్చేస్తాం సార్, కొత్తదానిలా ఉంటుంది" అంటారు. ఒప్పుకోకండి. ఆ కోన్ బరువు, మెత్తదనం లెక్కగట్టే క్రాస్‌ఓవర్ తయారుచేశారు. పెళ్లి పందిట్లో మోగే స్పీకర్‌కి ఆ పద్ధతి చెల్లుతుంది, దీనికి చెల్లదు.

పాత ఫోమ్ తీసేయడం చాలా చిరాకు పని. ఫ్రేమ్ మీది అట్ట రింగుని చాకుతో మెల్లగా లేపి దాచుకోండి, మళ్లీ కావాలి. కోన్ మీది పాత జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో కొద్దికొద్దిగా మెత్తబరిచి గోటితో తీయండి. కాగితం కోన్‌ని నానబెట్టకూడదు. ప్లాస్టిక్‌లా మెరిసే కోన్ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. 70ల నాటి బ్రిటిష్ స్పీకర్లలో వాడిన బెక్స్‌ట్రీన్ అనేది ఒక రకం పాలీస్టైరీన్. దానికి అసిటోన్, అంటే గోళ్ల రంగు తీసే ద్రవం, తగిలితే కరిగిపోతుంది.

జిగురు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. తెల్లగా ఉండి ఆరాక పారదర్శకంగా మారే, నీటితో చేసిన స్పీకర్ జిగురే వాడండి. అది ఆరేలోపు ఫోమ్‌ని అటూఇటూ జరుపుకునే వ్యవధి ఉంటుంది. చెప్పులకి వాడే రబ్బరు జిగురు తాకగానే పట్టేస్తుంది, సరిచేసుకునే అవకాశం ఇవ్వదు. ఫెవిక్విక్ లాంటివి ఆరాక రాయిలా గట్టిపడి అంచుని కదలనివ్వవు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అస్సలు వద్దు, దాని ఆవిరి లోహాన్ని తింటుంది.

అతికించే క్రమం ఇది:

1. జిగురు లేకుండా ఫోమ్‌ని ఊరికే పెట్టి చూడండి. అన్ని వైపులా సమానంగా కూర్చుంటేనే ముందుకి వెళ్లండి.
2. కోన్ అంచుకీ, ఫోమ్ లోపలి అంచుకీ పలుచగా జిగురు రాసి అతికించండి. వేలితో చుట్టూ నొక్కుతూ పోండి. ఆ రాత్రి దాన్ని కదపకండి.
3. మర్నాడు ఫ్రేమ్ వైపు జిగురు రాయండి. ఇప్పుడు కాయిల్‌ని సరిగ్గా మధ్యలోకి తేవాలి. ఫోమ్‌ని ఫ్రేమ్ మీద ఆనించి, కోన్‌ని బొటనవేళ్లతో పైకీ కిందకీ కదుపుతూ గరగర ఎటు వస్తుందో విని, దాని ప్రకారం ఫోమ్‌ని వెంట్రుకవాసి జరపండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, యాంప్లిఫయర్ ద్వారా 30 హెర్ట్జ్ శబ్దాన్ని చాలా చిన్నగా పంపితే ఇంకా తేలిక. కోన్ తనంతట తానే ఊగుతూ ఉంటుంది, రాపిడి ఉంటే వెంటనే వినిపిస్తుంది.
4. శబ్దం శుభ్రంగా ఉన్న చోట ఆపి, చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టేయండి. కనీసం 24 గంటలు ఆరనివ్వండి. వానాకాలంలో అయితే ఇంకొక రోజు.

ఇలా చేసినా మధ్యకి రాకపోతే మాత్రమే మధ్యనున్న డస్ట్ క్యాప్‌ని బ్లేడుతో కోసి, కాయిల్ లోపల పలుచటి ప్లాస్టిక్ ముక్కలు దూర్చి బిగించే పాత పద్ధతి ఉంది. అవసరం పడేదాకా ఆ టోపీని కోయకండి. రెండు స్పీకర్లలో ఒకదాని ఫోమే పోయినా రెండింటికీ మార్చాలి. లేకపోతే కుడి ఎడమలు ఒకేలా పలకవు.

బట్ట అంచు గాలి లీకవుతుంటే దాని మీద ఎప్పటికీ గట్టిపడని బ్యుటైల్ రబ్బరు పూతని పలుచగా వేస్తారు. ఫెవికాల్ రాస్తే అట్ట అయిపోతుంది.

కెపాసిటర్లు

క్రాస్‌ఓవర్ అంటే బాస్‌ని వూఫర్‌కీ, సన్నటి శబ్దాల్ని ట్వీటర్‌కీ పంచిపెట్టే చిన్న సర్క్యూట్. అందులోని రాగి కాయిళ్లకి వయసు రాదు. రెసిస్టర్లని మీటర్‌తో ఒకసారి కొలిస్తే చాలు. ఎండిపోయేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. ట్వీటర్ మందకొడిగా, దుప్పటి కప్పినట్టు పలుకుతుంటే ముందు వీటినే అనుమానించండి.

ఒక కాలు టంకం ఊడదీశాకే కొలవాలి. మీద 10 మైక్రోఫారడ్లు అని రాసి ఉండి మీటర్ 13 చూపించిందనుకోండి, అది బలిసిందని కాదు. లోపల లీకేజీ ఉన్నా మీటర్ ఎక్కువే చూపిస్తుంది. ఇఎస్ఆర్, అంటే కెపాసిటర్ అంతర్గత నిరోధం, కొలిచే మీటర్ దొరికితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రాసిన విలువకి పది శాతం లోపల ఉండి, ఇఎస్ఆర్ కూడా తక్కువగా ఉంటే వదిలేయండి.

మార్చాల్సి వస్తే మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజీ పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. మామూలు రేడియో షాపులో ఇచ్చే ప్లస్, మైనస్ గుర్తున్న కెపాసిటర్ ఇక్కడ పనికిరాదు. నాన్‌పోలార్ అని అడగండి. పాలీప్రొపైలిన్ ఫిల్మ్ రకం దాదాపు జీవితకాలం వస్తుంది. కానీ పాత ఎలక్ట్రోలిటిక్‌లో ఉండే కొద్దిపాటి అంతర్గత నిరోధం ఇందులో ఉండదు కాబట్టి ట్వీటర్ కాస్త పదునెక్కుతుంది. చెవికి గుచ్చుకుంటే సిరీస్‌లో అర ఓమ్ రెసిస్టర్ ఒకటి కలిపితే సరిపోతుంది. చిన్న విలువలకి ఫిల్మ్, 20 మైక్రోఫారడ్లు దాటితే కొత్త నాన్‌పోలార్ ఎలక్ట్రోలిటిక్, ఇదే నేను చేసేది. పెద్ద ఫిల్మ్ కెపాసిటర్లు ధరా ఎక్కువే, బోర్డు మీద పట్టవు కూడా. వేలకి వేలు పోసే ఖరీదైన కెపాసిటర్ల కథలు నేను నమ్మను. పాత కాయిళ్లున్న చోటే ఉండనివ్వండి. దగ్గరికి జరిపితే ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడుతుంది.

స్విచ్‌లు, ట్వీటర్లు, పెట్టె

వెనకాల ట్వీటర్ స్థాయిని పెంచి తగ్గించే మీట ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చాలాసార్లు అటూఇటూ తిప్పండి. పాత ఏఆర్ స్పీకర్లలో ఈ తిప్పుడు బిళ్లలు పచ్చగా చిలుమెక్కి ఉంటాయి. ట్వీటర్ పాడదనుకున్న చాలా కేసుల్లో దోషి ఇదే.

ట్వీటర్‌ని ముట్టుకోకపోవడమే దానికి చేసే మేలు. దాని మధ్యలోని గుండ్రటి ఉబ్బు, అంటే డోమ్, లోపలికి నొక్కుకుపోతే సెల్లో టేప్ తాకించి లాగే చిట్కా మెత్తటి బట్ట డోమ్‌లకి పనిచేయొచ్చు. యమహా 1974లో తెచ్చిన ఎన్ఎస్-1000 శ్రేణి డోమ్‌లు బెరీలియం అనే లోహంతో చేసినవి. అవి పగిలి ఉంటే ఆ పొడి పీల్చడం ప్రమాదం, అసలు కదపకండి.

పెట్టె మీది వాల్‌నట్ లేదా టేకు పొరని తడిబట్టతో తుడవకండి, ఉబ్బుతుంది. పొడిబట్టతో దుమ్ము తీసి, నూనె పాలిష్ ఉన్న పెట్టె అయితే ఉడికించిన అవిసె నూనె పలుచగా పట్టించి, పావుగంటలో మిగిలింది తుడిచేయండి. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పారేయకండి. అవిసె నూనె గుడ్డ తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. ఆరుబయట పరిచి ఆరబెట్టాలి. అడుగున చెద మట్టి ఉందేమో చూడండి, ఉంటే పొరలోపల గుల్ల అయ్యిందా అని తట్టి వినండి.

తిరిగి బిగించడం

వూఫర్‌ని పాత స్థానంకంటే సగం చుట్టు తిప్పి బిగించండి. దశాబ్దాలుగా ఒకే వైపు వేలాడిన కోన్ బరువు ఇప్పుడు రెండో వైపు పడి తిరిగి సర్దుకుంటుంది. తీగలు అందాలి, స్క్రూ రంధ్రాలు కలవాలి సుమా. పాత సీలింగ్ ముద్ద ఎండిపోతే కొత్తది వేయండి. కిటికీలకి వాడే మెత్తటి ఫోమ్ పట్టీ కూడా సరిపోతుంది. స్క్రూలని ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి.

మూసేసిన పెట్టెకి చివరి పరీక్ష: వూఫర్‌ని మెల్లగా లోపలికి నొక్కి వదిలితే అది ఆలోచించుకుంటున్నట్టు నిదానంగా వెనక్కి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోంది. టెర్మినళ్ల దగ్గర, స్విచ్ చుట్టూ వెతకండి.

యాంప్లిఫయర్, గది

స్పీకర్‌కి కరెంటు వోల్టేజీతో పని లేదు గానీ దాంతో పాటు అమెరికా నుంచి వచ్చిన యాంప్లిఫయర్ 110-120 వోల్టులది. ఇక్కడి 230కి నేరుగా పెడితే ఆ క్షణమే పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. రికార్డ్ ప్లేయర్‌కి అదీ చాలదు. 60 హెర్ట్జ్‌కి చేసిన ఏసీ మోటారు మన 50 హెర్ట్జ్ మీద నెమ్మదిగా తిరుగుతుంది. నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డు 28 దగ్గరే ఆగి, పాట శ్రుతి దిగిపోతుంది.

ఏఆర్-3ఏ లాంటివి 4 ఓమ్‌లవి, పైగా కాస్త బద్ధకపు స్పీకర్లు. వాటికి 4 ఓమ్‌లని తట్టుకునే బలమైన యాంప్లిఫయర్ కావాలి. చిన్న యాంప్లిఫయర్‌ని పూర్తిగా తిప్పి మోగిస్తే శబ్దం చీలిపోతుంది. ట్వీటర్లని కాల్చేది తరచుగా ఆ చీలిన శబ్దమే.

మన ఇళ్లలో స్పీకర్లకి అసలు శత్రువు గది. టైల్స్ నేల, సిమెంటు గోడలు, పైన స్లాబు, ఎటు చూసినా ప్రతిధ్వనే. స్పీకర్లకీ మీ కుర్చీకీ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరిచి, పక్క గోడకి కర్టెన్ వేయండి. ఖరీదైన కేబుల్ కంటే ఇది వందరెట్లు మేలు. షోకేసు అరలో దోపి పెట్టకండి. నేల నుంచి ఒక అడుగు ఎత్తున, వెనక గోడకి అడుగున్నర దూరంలో మొదలుపెట్టి, బాస్ ఎక్కువైతే ముందుకి, పలుచబడితే వెనక్కి జరుపుతూ చూడండి. ట్వీటర్ కూర్చున్న మీ చెవి ఎత్తుకి రావాలి.

రెండు స్పీకర్ల ప్లస్, మైనస్‌లు ఒకేలా కలిశాయో లేదో తెలియాలంటే ఒంటరి గొంతు పాడే పాత మోనో రికార్డింగ్ పెట్టండి. గొంతు సరిగ్గా మధ్యలోంచి రావాలి. చెల్లాచెదురై, బాస్ మాయమైతే ఒక స్పీకర్ తీగలు తారుమారయ్యాయి.

తర్వాత మృదంగం వినండి. ఎడమవైపు తొప్పి గుమకి గింగురు ఉండాలి గానీ ముద్దగా సాగకూడదు. కుడివైపు దెబ్బ తెగినట్టు స్పష్టంగా వినపడాలి. వీణలో మీటు తర్వాత తీగ మోగుతూ సన్నగిల్లే తీరు వినపడితే ట్వీటర్, కెపాసిటర్లు తమ పని చేస్తున్నట్టే. మొదటి వారం పెద్దగా పెట్టకండి, కొత్త ఫోమ్ కాస్త బిగువుగా ఉంటుంది.

ఏ తేదీన ఏం మార్చారో, కెపాసిటర్ల విలువలేమిటో, ఏ జిగురు వాడారో ఒక కాగితం మీద రాసి, పెట్టె అడుగున అతికించండి. ఏటా వానాకాలం వెళ్లాక జాలీ తీసి ఫోమ్‌ని ఒకసారి తాకి చూస్తే చాలు. ఎండ నేరుగా పడే చోట పెట్టకపోతే ఈ కొత్త అంచు మళ్లీ పదిహేనేళ్లయినా రావచ్చు.